ఉప్పు లేదని రాసిన పేజీ

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకొక పాడలవాటు ఉండేది. నడుస్తూ నడుస్తూ, కాళ్ళ కింద నీళ్ళున్నాయని గుర్తొచ్చి ఆగిపోయేవాణ్ణి. పలాస బస్టాండులో టీ గ్లాసు చేతిలో ఉన్నా సరే, కిందెక్కడో ఇసుక రేణువుల మధ్య నుంచి నీరు సముద్రం వైపు జరుగుతోందని తలుచుకుంటే చాలు, టీ చల్లారిపోయేది. ఆ నీరు రోజుకి జానెడో మూరెడో కదులుతుందేమో. దానికి తొందర లేదు, నాకూ ఉండేది కాదు. మా ఆవిడ "ఏటి, మళ్ళీ కిందకి దిగిపోయారా?" అనేది. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. కాకపోతే ఇప్పుడు ఎంతసేపు ఆగిపోయినా బస్సు తప్పిపోతుందన్న బెంగ లేదు.

ఈ మధ్య మా భూగర్భజల శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు టెక్కలిలో మా ఇంటికి వచ్చారు. "మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన విజయం ఒకటి చెప్పండి సార్, మాకు పనికొస్తుంది" అన్నారు. విజయాలు ఆఫీసు ఫైళ్ళలో ఉంటాయి బాబూ, అక్కడ చదువుకోండి, అవి రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను అని చెప్పాను. వాళ్ళు నవ్వి ఊరుకున్నారు. వాళ్ళు వెళ్ళిపోయాక రెండు రోజులు ఒక పేజీ కళ్ళ ముందు ఆడింది. ఆ పేజీ మీద ఉన్నది నా చేతిరాత. అందుకని ఇది రాస్తున్నాను. ఇందులో మనుషులెవరికీ పేర్లు పెట్టడం లేదు. వాళ్ళు ఇంకా ఆ ఇసుకలోనే ఉన్నారు, నేను కూడా ఆ దారినే తిరుగుతుంటాను.

తిత్లీ తుపాను వెళ్ళిపోయిన తరువాతి వేసవి అది. మందసకీ బారువకీ మధ్య, సముద్రానికి దగ్గరగా ఒక ఊరు. ఊళ్ళో రైతులు. కొబ్బరి, జీడి, పల్లం వైపు కాస్త వరి. ఊరికి తూర్పున సరుగుడు తోపు, తోపు దాటితే సముద్రం ఒడ్డున మత్స్యకారుల పేట. తోపు మధ్యలో సిమెంటు వరలు దించిన నుయ్యి ఒకటి. పేట మొత్తానికి తాగడానికి, వండుకోవడానికి ఆ ఒక్క నూతి నీరే. పేటలో వేసిన బోర్లన్నీ ఉప్పు తేలాయి.

తుపానుకి ముందు ఆ ఊరు ఎలా ఉండేదో నాకు తెలుసు. మిట్టమధ్యాహ్నం కూడా తోటల్లో నీడలో నడిచి నీడలోనే ఇల్లు చేరొచ్చు. తుపాను తరువాత నేను వెళ్ళేసరికి ఆకాశం ఎక్కువైపోయింది. కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకి తల పెట్టి పడుకుని ఉన్నాయి. వాటి మధ్య వరసల్లో మోకాలెత్తు మొక్కలు, ఒక్కొక్క మొక్కకీ ఎండ తగలకుండా ఎండుకమ్మ గుడిసె. రైతులు వాటికి పొద్దునా సాయంత్రం మోటార్లతో నీళ్ళు పెడుతున్నారు. మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. అంతవరకూ ఆ తోటల్లో అమ్ముకోవడానికి ఏమీ లేదు. ఆ మొక్కల మధ్య నడుస్తుంటే, ఊరంతా నిద్రలో ఉండి ఇవే కలగంటోందా అనిపించేది.

నా పని నీటి సంఘాలకి శిక్షణ ఇవ్వడం. ఊరికి పదిమంది నాయకుల్ని ఎంచుకోవాలి, నూతుల్లో నీటిమట్టం కొలవడం నేర్పాలి, మీటరు ముంచి ఉప్పు చూడటం నేర్పాలి, ఎండాకాలంలో ఏ మోటారు ఎంతసేపు ఆడాలో వాళ్ళంతట వాళ్ళే తేల్చుకునేలా చేయాలి. మేం వెళ్ళిపోయినా ఊరి నీటిని ఊరే కాచుకోవాలన్నది ఆశ.

నాతో ఒక టెక్నికల్ అసిస్టెంటు ఉండేవాడు. నా కంటే రెండేళ్ళు చిన్న. మీటరుని తువ్వాలులో చుట్టి, జీపులో ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ, ఆ పదిలో నాలుగు భోజనం గురించి. మధ్యాహ్నం ఎక్కడ నీడ కనబడితే అక్కడ నడుం వాల్చేవాడు. మొదట్లో కసురుకున్నాను, తరువాత నేనూ పక్కనే వాలడం మొదలుపెట్టాను. ప్రభుత్వం వారి సమయాన్ని మేమిద్దరం సరుగుడు నీడల్లో చాలానే ఖర్చు పెట్టాం. తప్పే.

ఆ ఊరున్న ఉద్దానం ప్రాంతంలో నీళ్ళ సీసాతో ఎవరు కనబడినా ఒకటే ప్రశ్న వస్తుంది: "మా నీల్లలో ఏటున్నాదో సెప్పండి బాబూ." కిడ్నీ జబ్బు గడపగడపకీ తెలిసిన చోట అది ఊసుపోక అడిగే మాట కాదు. దానికి నా దగ్గర జవాబు లేదు. నా కంటే ఎంతో చదువుకున్నవాళ్ళు కూడా తేల్చి చెప్పలేకపోయారు. నాకు తెలిసింది ఉప్పు సంగతి ఒక్కటే. అందుకని ఆ ఒక్కటీ మరీ గట్టిగా చెప్పేవాణ్ణి.

శిక్షణ మూడు రోజులు, బడి వరండాలో జరిగింది. సంఘానికి అధ్యక్షుడు ఒక రైతు. యాభై దాటిన మనిషి, మాట కరుకు, పని నికార్సు. తుపానులో వాళ్ళ నాన్న నాటిన తోట మొత్తం పోయింది. పేట తరపున ఒక ఆమె వచ్చింది. ఎండుచేపలు గంపకెత్తి మందస సంతలో అమ్మే మనిషి, వయసు అతని కంటే రెండు మూడేళ్ళు ఎక్కువ. అతను ఆమెను "అప్పా" అనేవాడు, అక్క వరస. ఆమె అతన్ని "తమ్ముడా" అనేది. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి నుంచీ ఒకరి ఇంటి చేపలు ఒకరూ, ఒకరి తోట కాయలు ఒకరూ తిన్నవాళ్ళు, అంతే.

పాఠానికి నా దగ్గర ఒక గాజుసీసా ఉండేది, కొట్లో బిస్కట్లు పోసి పెట్టే పెద్ద సీసా. సగం దాకా ఉప్పునీళ్ళు పోసి నీలిమందు కలిపేవాణ్ణి. దాని మీద ఒక ఆకు పెట్టి, ఆకు మీంచి మంచినీళ్ళు మెల్లగా జారవిడిచేవాణ్ణి. కింద నీలం, పైన తెలుపు, మధ్యలో గీత గీసినట్టుండేది. "మీ ఇసుక కింద ఉన్నది ఇదే. వాన నీరు తేలిక, పైన తేలుతుంది. సముద్రం నీరు బరువు, కింద కాచుకుని ఉంటుంది. పైనున్న మంచినీళ్ళని ఎక్కువ లాగితే కిందున్నది పైకొస్తుంది" అని చెప్పి, ఒక గొట్టం పెట్టి పైనీళ్ళు పీల్చేవాణ్ణి. గొట్టం మూతి కింద నీలం మెల్లగా పైకి లేచేది. వరండా అంతా మెడలు చాచి చూసేది. ఆ నీలం అలా లేవడం ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు ఝల్లుమనేది.

"అంటే సారూ, మా కొబ్బరిమొక్కలు, ఆల్ల నుయ్యి ఒకే సీసాలో నీల్లు తాగుతన్నాయన్నమాట" అన్నాడు అధ్యక్షుడు.

"తాగితే తాగినారు తమ్ముడా. మీ గొట్టం లావు, మా తాడు సన్నం" అంది ఆమె. అందరూ నవ్వారు.

ఆ మాట మీదే కట్టుబాటు కుదిరింది. పదిహేను రోజులకోసారి తోపు నూతిలో నీళ్ళు తోడి మీటరు ముంచాలి. మేం పెట్టిన హద్దు దాటి ఉప్పు చూపిస్తే మోటార్లు తగ్గించాలి, ఒక్కొక్క తోటకి మూడు రోజులకోసారి గంటసేపు మాత్రమే. ఆ కట్టుబాటు అమలైతే మొక్కలకి ఏమవుతుందో వరండాలో అందరికీ తెలుసు. అయినా అధ్యక్షుడే ముందు చెయ్యెత్తాడు. తగ్గించాల్సిన రోజు వస్తుందని అతను అనుకోలేదేమో.

సంఘానికి ఒక కిట్టు ఇచ్చాం. టేపు, మీటరు, రిజిస్టరు, నైలాను తాడు కట్టిన నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టు. ఆ బకెట్టు నేనే పలాసలో ఏరి కొన్నాను. తేలిగ్గా ఉంటుంది, చేతులు నొప్పెట్టవని కొన్నాను. మూడో రోజు, వేలిముద్ర వేసేవాళ్ళకి సంతకం నేర్పాం. సంఘంలో వేలిముద్రలు లేవని నివేదికలో రాసుకోవాలని నా సరదా. ఆమె సరుగుడు పుల్లతో ఇసుకలో తన పేరు గీసుకుంటూ, చెరుపుకుంటూ, సాయంత్రం దాకా కూర్చుంది. చివరి అక్షరం దగ్గర పుల్ల ప్రతిసారీ పక్కకి జారిపోయేది.

చైత్రం వెళ్ళేసరికి ఎండలు ముదిరాయి. పదిహేను రోజులకోసారి జరిగే కూటంలో ఒకసారి ఆమె లేచి నిలబడింది.

"బాబూ, నూతి నీరు మారినాది. పప్పు ఉడకతన్లేదు. నోట్లో ఎట్టుకుంటే ఉప్పు తగుల్తన్నాది."

అధ్యక్షుడి మొహం మాడింది. "మొన్నే కదప్పా మీటరు ఎట్టినాం. ఏటీ లేదు. బాగున్నాది."

"మీటరు సంగతి నాకు తెలవదు. నాలిక సంగతి సెప్తన్నాను."

తగువెందుకు, వెళ్ళి చూద్దామన్నాను. పదిమందీ తోపులోకి నడిచాం. అధ్యక్షుడు నీలం బకెట్టు వదిలాడు, తోడాడు. మా అసిస్టెంటు తువ్వాలు విప్పి మీటరు ముంచాడు. హద్దుకి చాలా కింద ఆగింది. నేను దోసిట పట్టి తాగాను. తియ్యగా, చల్లగా, ఎండలో ప్రాణం లేచొచ్చేలా ఉంది. ఆమెకి దోసిట్లో పోశారు. తాగింది. ఇంకోసారి పోయమంది. మళ్ళీ తాగింది. ఆ తరువాత ఆమె మొహంలో వచ్చిన అయోమయం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

"ఇది తీపే బాబూ. మరి నాను పొద్దున్న తాగింది ఏటో."

"అదే నుయ్యి కదమ్మా" అన్నాను.

"అదే నుయ్యే."

గుంపులోంచి ఎవరో అన్నారు, "సేపలకి ఉప్పు పట్టించి పట్టించి నాలిక్కీ పట్టీసినాది." అందరూ నవ్వారు. ఇంకెవరో, పేటకి కుళాయి వేయించుకోవడానికి ఎత్తు ఇదంతా అని గొణిగారు. ఆమె ఎవరివైపూ చూడలేదు. ఖాళీ అయిన తన అరచేతిలోకి చూసుకుంటోంది. నేనూ నవ్వాను. ఆ చిన్న వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

రిజిస్టరు తెరిచి రాశాను: తోపు నూతి నీరు పరీక్షించడమైనది, ఉప్పు లేదు. కింద నేను సంతకం పెట్టాను, అధ్యక్షుడు పెట్టాడు. ఆమె ముందుకి జరిపి "ఇక్కడ పెట్టమ్మా" అన్నాను. ఆమె చెంగుకి చెయ్యి తుడుచుకుని, నేల మీద కూర్చుని, ఒక్కొక్క అక్షరమే గీసింది. చివరి అక్షరం కూడా నిలబడింది. కాగితం మీద ఆమె పెట్టిన మొదటి సంతకం అది. "చూశావా, ఎంత బాగా వచ్చిందో" అని మెచ్చుకున్నాను కూడా.

తరువాత కూటానికి ఆమె రాలేదు. ఆ తరువాతదానికీ రాలేదు. పని ఒత్తిడి అనుకున్నాను, నాకు వేరే ఊళ్ళు ఉన్నాయి. మోటార్లు పొద్దునా సాయంత్రం ఆడుతున్నాయి, మొక్కలు ఆకు విప్పుతున్నాయి, రిజిస్టరులో ఉప్పు లేదు. అన్నీ సవ్యంగా ఉన్నాయి కాబట్టి నేను మళ్ళీ నా కలల్లో పడ్డాను. జీపులో వెళ్తుంటే సరుగుడు గాలి చెవిలో సముద్రంలా మోగేది, నిజం సముద్రం ఎక్కడో వెనక మోగేది, రెంటి మధ్యలో కింద నీరు. కొన్ని రోజులు అలా తేలిపోతూ గడిచిపోయాయి.

ఒకరోజు పలాస ఆఫీసులో భోజనం చేస్తుండగా మా అసిస్టెంటు, ఆ రోజు కోటా మాటలన్నీ ఒకేసారి ఖర్చు పెట్టాడు. "ఆ పేట ఆమె నీళ్ళ ట్యాంకరు కావాలని పై ఆఫీసుకి వెళ్ళిందట సార్. అక్కడివాళ్ళు మన రిజిస్టరు నకలు చూపించి, నీళ్ళు బాగున్నాయని ఉంది, నీ సంతకం కూడా ఉంది కదా అన్నారట. కాగితం చూసినవాళ్ళు ఇంకేం అంటారు. తిరిగొచ్చేసిందట. ఇప్పుడు పేటలో ఆడవాళ్ళు చేతికందిన బిందె పట్టుకుని తోటల్లో మోటార్ల దగ్గరికి వెళ్తున్నారట. కొందరు పట్టనిస్తున్నారు, కొందరు పొమ్మంటున్నారు." డబ్బా మూత పెట్టి, "మన సంతకానికి విలువ ఉంది సార్" అన్నాడు. అన్నం మిగిలిపోయింది నాకు.

మర్నాడే వెళ్ళాం. పేటకి వెళ్ళే ధైర్యం చాలక, ముందు నూతి దగ్గర ఆగాం. అధ్యక్షుడి ఇంట్లో నుంచి కిట్టు తెప్పించి మళ్ళీ మీటరు ముంచాం. కొంచెం పెరిగింది కానీ హద్దు లోపలే. నా కాగితం తప్పు కాదని మీటరు చెబుతోంది. కానీ ఒక మనిషి ఎండలో పై ఆఫీసు దాకా వెళ్ళి అబద్ధం ఎందుకు చెబుతుందో మీటరు చెప్పదు. మధ్యాహ్నమైంది. ఆలోచించడానికి చేతకాక, అలవాటు చొప్పున ఇద్దరం తోపులో నడుం వాల్చాం.

సరుగుడు ఆకులు రాలి పరుపులా ఉన్నాయి. గాలి ఉంది, ఎండ ముక్కలు ముక్కలుగా కదులుతోంది. నేను సగం నిద్రలో ఉన్నాను. మా అసిస్టెంటు లేచి మొహం కడుక్కోవడానికి నూతిలోకి నీలం బకెట్టు వదిలాడు. టప్పుమని నీటిని చరిచిన చప్పుడు. తరువాత బకెట్టు నీటి మీద తేలుతూ వరకి కొట్టుకుంటున్న చప్పుడు. తాడు అటూ ఇటూ ఆడించి ఎలాగో ముంచి పైకి లాగాడు. నేను ఇంకాస్త నిద్రలోకి జారాను. కలలో నేను ఇసుక కింద నడుస్తున్నాను, నెత్తిన నీరు. అప్పుడు ఇంకో చప్పుడు వచ్చింది. బుడుంగ్. అంతే. చరచడం లేదు, తేలడం లేదు. ఏదో బరువైంది సూటిగా లోపలికి దిగిపోయిన చప్పుడు. తాడు జరజరా సాగుతూనే ఉంది.

కళ్ళు తెరిచాను. పేట నుంచి వచ్చిన ఒక అమ్మాయి, చంటిపిల్లని చంకనేసుకుని, నీళ్ళు తోడుతోంది. అంట్లు తోముకోవడానికని తరువాత చెప్పింది. ఆమె చేతిలో ఉన్నది మా బకెట్టు కాదు. పేటవాళ్ళ చేద, పాత రేకుది. "ఏదమ్మా, ఇలా చూపించు" అని లేచి వెళ్ళాను. చేద అంచుకి ఒక వైపున నాలుగు సీసం గుళ్ళు బిగించి కట్టి ఉన్నాయి. వల నీటిలో మునగడానికి అంచుకి కట్టే గుళ్ళు.

"ఇవెందుకు?"

"మునగాల కదా బాబూ. లేకపోతే తేల్తది. ఊపలేక సేతులు పీక్కుపోతాయి. మా పేటలో అందరికీ ఇలగే."

ఆ నీళ్ళు దోసిట పట్టి నోట్లో పోసుకున్నాను. ఉప్పు. కన్నీళ్ళంత ఉప్పు. అసిస్టెంటు వచ్చి మీటరు ముంచాడు. హద్దు ఎప్పుడో దాటిపోయింది.

మా నీలం బకెట్టు తేలిక. అది నూతి పైనీళ్ళనే గీరి తెస్తుంది. వాళ్ళ చేద బరువు. అది అడుక్కి పోయి అక్కడి నీళ్ళు తెస్తుంది. పైన తీపి, కింద ఉప్పు. ఎండుచేపల ఆమె, నేను, ఇద్దరం ఒకే నూతిలో రెండు నీళ్ళు తాగాం. ఆమె నాలుకా నిజమే, నా మీటరూ నిజమే.

"మనం మూడు రోజులు చెప్పిన పాఠమే సార్" అన్నాడు అసిస్టెంటు నెమ్మదిగా. సీసాలో నీలం లేవడం చూసి ఊరూరా ఒళ్ళు ఝల్లుమన్న మనిషిని నేను. అదే నీలం నా కళ్ళ ముందున్న నూతిలో లేస్తుంటే కనబడలేదు.

పిల్లలూ, ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. కిట్టుతో సహా వెళ్ళిపోయి, నాలుగు రోజుల తరువాత "మట్టం పడిపోయినందున ఇప్పుడే ఉప్పు చేరింది" అని రాసేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చింది. ఎంతసేపుందంటే, మొహం కడుక్కున్నంతసేపు. అసిస్టెంటు తువ్వాలు అందిస్తూ "ఎవర్ని పిలవమంటారు సార్?" అన్నాడు. అందరినీ పిలవమన్నాను.

ఎండ చల్లబడుతుండగా వచ్చారు. అధ్యక్షుడు తోటలోంచి నేరుగా వచ్చాడు, చేతులకి తడి మట్టి. ఆమె పేటవాళ్ళతో వచ్చి దూరంగా ఒక సరుగుడు మొదలుకి ఆనుకుని నిలబడింది. రెండు స్టీలు గ్లాసులు పెట్టాం. ఒకదాంట్లో మా బకెట్టు నీరు, రెండోదాంట్లో చేద నీరు. అధ్యక్షుడు మొదటిది తాగి తలూపాడు. రెండోది నోట్లో పోసుకుని ఆగాడు. ఉమ్మేస్తాడనుకున్నాను. మింగాడు. ఎవరి మాటా నమ్మలేనట్టు తనే చేద అందుకుని నూతిలోకి వదిలి, తోడి, మళ్ళీ తాగాడు.

"అప్పా, ఈ నీరేటి ఇన్నాల్లూ తాగుతన్నది?"

"మరేటి తాగుతాం?"

"నాకు సెప్పొద్దా?"

"సెప్పినాను. నవ్వినారు."

నేను నా తప్పు నా నోటితో చెప్పాను. బకెట్టు నేను కొన్నది, పాఠం నేను చెప్పింది, రాసింది నేను, నవ్వినవాళ్ళలో నేనున్నాను అన్నాను. తరువాత కట్టుబాటు గుర్తుచేశాను.

అధ్యక్షుడు తోటల వైపు చెయ్యి చూపించాడు. "ఒకపాలి తుపాను తీసుకుపోనాది సారూ. ఇప్పుడు మీరు. మొక్క ఇప్పుడిప్పుడే భూమిలోకి ఏరు దించుతన్నాది. ఈ ఎండకి మూడు రోజులకోపాలి నీరంటే ఎన్ని మిగుల్తాయి? నాకింకో తోట పెంచీ వయసేటి?"

ఆమె మొదలు దగ్గర నుంచి కదిలి వచ్చింది. "నీ మొక్కలు సావాలని నాను కోరుకోను తమ్ముడా. తోటలు లేకపోతే మా గంపలు కొనేది ఎవులు? కానీ ఉప్పెక్కిపోతే ఈ నుయ్యి మళ్ళీ తీపవుతాదని సారు కూడా సెప్పలేడు. అడుగు."

అతను నా వైపు చూశాడు. "ఇప్పుడు ఆపితే అవకాశం ఉంది. ఇంకో నెలాగితే చెప్పలేను" అన్నాను. నాకు తెలిసిన నిజం అంతే.

అతను మట్టి చేతులు దులుపుకున్నాడు. "రేపట్నించి నా మోటారు వంతు పెకారమే ఆడతాది. మిగతావోల్లతో నాను మాటాడతాను. ఇనకపోతే మోటార్ల ఫీజులు పీకి జేబులో ఎట్టుకుంటాను, ఏటైతే అదవుతాది" అన్నాడు. అతని గొంతులో కోపం ఎవరి మీదో చెప్పలేను. ఆ మాట మాత్రం నిలబెట్టాడు.

తరువాత ఏమైందో కూడా చెప్పేస్తాను. కూలిన చెట్ల కొబ్బరి డొక్కలూ పీచూ మొక్కల మొదళ్ళలో పాతి, కమ్మలు కప్పి, ఉన్న తడిని కాచుకున్నారు. అయినా అతని తోటలో మూడో వంతు మొక్కలు ఎండిపోయాయి. ఆ ఖాళీలు ఇప్పటికీ తెలుస్తాయి, వరసలో పక్కవాటి కంటే పొట్టి చెట్లుంటాయి. పేటకి ట్యాంకరు వచ్చింది, రెండు నెలలు తిరిగింది. నుయ్యి ఆ ఏటి వానలకి సగం తేరుకుంది, మరుసటి ఏటి వానలకి అడుగు దాకా తీపైంది. ఇప్పుడు కూడా ఆ నీళ్ళే తాగుతున్నారు.

కానీ ట్యాంకరు రావాలంటే ఆ సాయంత్రమే ఇంకో పని జరగాలి. రిజిస్టరు మార్చాలి. నేను పాత పేజీ తెరిచాను.

"ఆ కాయితం సింపీండి సారూ. కొత్తది రాసుకుందాం" అన్నాడు అధ్యక్షుడు. నిజం చెప్పాలంటే నాకూ అదే హాయిగా అనిపించింది.

"సింపొద్దు" అంది ఆమె. "దాని మీద నా సంతకం ఉన్నాది. తప్పైనా నాదే. కిందన రాయండి."

అదే పేజీలో కింద రాశాను. పై నీరు తీపి, అడుగు నీరు హద్దు దాటి ఉప్పు. పైన రాసినది సరి కాదు. పైనా అడుగునా రెండు చోట్లా నీరు చూడకపోవడం పరీక్షించినవారి పొరపాటు. నీటి సంఘం దీనిని గుర్తించినది. సంతకం పెట్టి, పెన్ను ఆమెకి అందించాను.

ఆమె పెన్ను పుచ్చుకోలేదు. "ముందు ఏటి రాసినారో సదివి ఇనిపించండి బాబూ."

మూడు రోజుల శిక్షణలో పేరు గీయడం నేర్పాను. పెట్టే ముందు ఏముందో అడగాలని నేర్పలేదు. నాకే తోచలేదు. చదివాను. ఆమె కళ్ళు మూసుకుని వింది. "ఇంకోపాలి" అంది. ఇంకోసారి చదివాను.

"ఎవులు గుర్తించినారని రాసినారు?"

"నీటి సంఘం అనమ్మా. మీరందరూ."

"సంఘం నవ్వినాది బాబూ" అంది ఆమె. గొంతులో కోపం లేదు, పప్పు ఉడకడం లేదని చెప్పినప్పటి గొంతే. "సెప్పింది నాను. అది రాయండి."

అధ్యక్షుడు తల వంచుకున్నాడు. నేను సంఘం అన్న మాట కొట్టేసి, ఆ పైన ఆమె పేరూ ఇంటిపేరూ పేట పేరూ రాసి, మళ్ళీ చదివి వినిపించాను. అప్పుడు పెన్ను అందుకుంది.